వెనక గోడకు కిటికీ

మార్చి 4, సోమవారం

మధ్యాహ్నం గ్రంథాలయం అంటుకుంది. వెనకాల ఉన్న బైండింగ్ గదిలో మొదలై పుస్తకాల హాలు సగం దాకా వచ్చిందట. పేపర్ల గదిలో రోజూ కునుకు తీసే ముసలాయన పొగకు ఉక్కిరిబిక్కిరై చనిపోయాడు. అందరూ ఆయన్ని పేపర్ తాత అంటారు. మొన్ననే కూడలిలో కనపడి, "ఏం రైటరమ్మా, దొంగల్ని మీరు పట్టుకుంటున్నారా, వాళ్లే వచ్చి లొంగిపోతున్నారా?" అని ఎకసెక్కం ఆడాడు. పాపం.

నేను వెళ్లలేదు. మోకాలు వాచి స్టేషన్ మెట్లు దిగడమే గండంగా ఉంది. వెళ్లొచ్చిన కానిస్టేబుల్ ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పాడు. సాయంత్రం ఐదింటికల్లా స్థల పరిశీలన రిపోర్టు కావాలని ఇన్‌స్పెక్టర్ గారు నా నెత్తిన కూర్చున్నారు. రెండేళ్ల కిందటి ఫర్నిచర్ షాపు కేసు ఫైలు తెరిచి, పేర్లూ తేదీలూ కొలతలూ మార్చి, అరగంటలో అయిందనిపించాను. పోలీసు స్టేషన్ రైటరుగా ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఈ రిపోర్టుల్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషిని నేను చూడలేదు.

ఇంటికొస్తే వంటింటి కుళాయి బాగుచేశానని మా ఆయన గొప్పలు. అది కారుతూనే ఉంది. స్కూలు బస్సు నడిపే మనిషికి కుళాయితో ఏం పని?

మార్చి 5, మంగళవారం

కాలిన గోడలు ఎవరి మీదైనా పడతాయని పొద్దున్నే మునిసిపాలిటీ వాళ్లు వచ్చి గ్రంథాలయం వెనక భాగం కూల్చేశారు. ఇటుకల కుప్ప మిగిలిందట.

పదింటికి బైండర్ని తెచ్చారు. పదకొండేళ్లుగా ఆ వెనక గదిలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తున్నవాడు. సన్నటి మనిషి, గోళ్ల కింద ఎండిన జిగురు, మధ్యమధ్యలో పొడి దగ్గు. శనివారం నాడు గ్రంథాలయాధికారి ముందు నిలబడి, "ఈ గది నన్ను చంపేస్తుంది, ఏదో ఒకరోజు నేనే దీన్ని తగలబెడతా" అని అరిచాడట. ఆరుగురు విన్నారు. మంట లేచే వేళకు ఎక్కడున్నావంటే, భోజనం చేసి ఆవరణలో చెట్టు కింద కునుకు తీశానంటాడు. చూసినవాళ్లు లేరు. ఇంకేం కావాలి?

ఇన్‌స్పెక్టర్ గారు నా రిపోర్టు ముందు పెట్టుకుని అడగడం మొదలుపెట్టారు. నేను పక్కన కూర్చుని రఫ్ రాస్తున్నాను.

"వెనక కిటికీ అద్దం ఎందుకు పగలగొట్టావు?"

"ఏ కిటికీ సార్?"

"వెనక గోడ కిటికీ."

"వెనక గోడకి కిటికీ లేదు సార్."

ఆయన రిపోర్టు మీద వేలు పెట్టి చదివారు. 'వెనక గోడకు చెక్క చట్రము గల కిటికీ ఒకటి కలదు. కింది అద్దము పగిలి, ముక్కలు లోపలి వైపు పడి ఉన్నవి.' చదివి, "చూసినవాళ్లు రాశారు. వాళ్లకి నీ మీద పగా?" అన్నారు.

"లేదు సార్, నిజంగా కిటికీ లేదు సార్."

రఫ్‌లో అలాగే రాశాను. రాస్తుంటే ఓ క్షణం చెయ్యి ఆగింది. ఆ వాక్యం ఫర్నిచర్ షాపుది కాదు కదా?

బయటికొచ్చి కానిస్టేబుల్‌ని అడిగాను. "ఏమో అక్కా, పొగా నీళ్లూ బురదా, ఎవడు చూశాడు? అయినా కిటికీ లేని గది ఉంటుందా?" అన్నాడు.

నిజమే. కిటికీ లేని గది ఉంటుందా?

మార్చి 6, బుధవారం

మా ఇన్‌స్పెక్టర్ గారు ఎవరి మీదా చెయ్యి ఎత్తరు. నేను చూసిన తొమ్మిది మంది ఇన్‌స్పెక్టర్లలో ఆ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలిగేది ఈయన గురించే. విచారణ ఎలా చెయ్యాలో నేర్పే ఏవో క్లాసులకు వెళ్లొచ్చారు. ఇవాళ బైండర్ని "అన్నా" అని పిలవడం మొదలుపెట్టారు. టీ తెప్పించారు. కుర్చీ దగ్గరికి జరుపుకుని మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఆ గదిలో గొంతు పెరగలేదు. రాత్రంతా లాకప్‌లో లైటు ఆర్పలేదని, కన్ను మూతపడితే లేపుతూనే ఉన్నామని కానిస్టేబుల్ అన్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు.

"నీ చెప్పుల మీద జిగురు పలచన చేసే మందు మరకలున్నాయని ల్యాబు వాళ్లు తేల్చారన్నా," అన్నారు.

ఆ చెప్పులు ల్యాబుకు పోనేలేదు. పొద్దున నేనే మూటకట్టి బీరువాలో పెట్టాను. అది మావాళ్లు వేసే ఎత్తు, అందరూ వేసేదే.

"రోజూ ఆ మందుతోనే కదా సార్ నా పని," అన్నాడు బైండర్.

"అందుకే నేను నిన్ను తప్పు పట్టట్లేదు. పదకొండేళ్లు ఆ బొరియలో పడేశారు. ఎవడికైనా కడుపు మండుతుంది. తాతని చంపాలని నువ్వు అనుకోలేదు, ఆ సంగతి నాకు తెలుసు."

పేపర్ తాత పేరెత్తగానే బైండర్ ఏడ్చాడు. రోజూ పదకొండింటికి ఇద్దరూ కలిసి టీ తాగేవారట.

"నాకు గుర్తు లేదు సార్. నేను నిద్రపోయాను."

"నిద్రపోయినవాడికి తాను ఏం చేశాడో తెలుస్తుందా? పెద్ద దెబ్బ తగిలితే మనసు తనే తలుపు వేసేసుకుంటుందన్నా. గుర్తు లేకపోవడం తప్పు కాదు. సరే, గుర్తు తెచ్చుకోవద్దు. ఊహించు. ఒకవేళ నువ్వే అయితే, ఎలా చేసి ఉంటావు?"

బైండర్ నేలకేసి చూశాడు. తర్వాత, "కిటికీ... ఏ పక్క ఉంది సార్?" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ గారు మెల్లగా, "నువ్వే చెప్పాలన్నా," అన్నారు.

రఫ్ పద్దెనిమిది పేజీలు వచ్చింది. వేళ్లు నొప్పి.

మార్చి 7, గురువారం

ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికని బయటికి పోయి, చుట్టు తిరిగి వెనక్కి వచ్చి, వెనక గోడ కిటికీ కింది అద్దం రాయితో పగలగొట్టి, మందు లోపలికి చల్లి, అగ్గిపుల్ల గీసి వేశాడు. బయటివాళ్లు చేశారనుకోవాలని అలా చేశాడు. కిటికీ ఎడమ పక్క ఉందన్నాడు. ఇన్‌స్పెక్టర్ గారి కనుబొమ్మ లేచింది. కుడి పక్క అన్నాడు. ఆ తర్వాత ఇక మార్చలేదు.

ఫెయిర్ కాపీ నేనే రాశాను. ప్రశ్నలన్నీ తీసేసి, జవాబులన్నీ కలిపి, 'నేను' అని మొదలుపెట్టి చివరిదాకా ఒకే ఊపులో నడిపించాలి. చదివేవాడికి ఎదురుగా మనిషి కూర్చుని గుండె విప్పి చెప్పుకుంటున్నట్టు ఉండాలి. జిల్లాలో నా అంత బాగా రాసేవాళ్లు లేరని జడ్జీలే అన్నారు. నా మాట కాదు.

ఆనవాయితీ ప్రకారం మూడు చిన్న తప్పులు కావాలని పెట్టాను. చదివి అతనే దిద్ది, పక్కన పొట్టి సంతకం చేస్తే, చదవకుండా సంతకం పెట్టించారని రేపు ఎవరూ అనలేరు. పదకొండేళ్లకు బదులు పదేళ్లు అని రాశాను. కూతురు ఏడో తరగతి అయితే ఆరు అన్నాను. అట్టకు వాడే గుడ్డ పేరు మార్చాను. బైండర్ కళ్లజోడు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. మూడూ పట్టుకున్నాడు. మూడింటినీ దిద్దాడు.

కిటికీ దగ్గర వేలు కాసేపు ఆగింది. దిద్దలేదు.

సంతకం అయ్యాక కాగితాలన్నీ బల్ల మీద తట్టి, అంచులు సమంగా కలిపి, నా చేతికిచ్చాడు. "దారం వదులుగా ఉంది మేడమ్, ఫైలు ఊడిపోతుంది. సూది ఇస్తే కుట్టి పెడతాను," అన్నాడు. సూది ఇవ్వకూడదు. ఇవ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు బయటికొచ్చి నాతో అన్నారు: "కిటికీ సంగతి పేపర్లో రాలేదు, మనం ఎవరికీ చెప్పలేదు. చేసినవాడికి తప్ప తెలియదు రైటరమ్మ గారూ. కేసుకి అదే ప్రాణం."

మార్చి 8, శుక్రవారం

బైండర్ని జైలుకు పంపారు. పెద్ద సారు ఫోన్ చేసి మెచ్చుకున్నారట. ఇన్‌స్పెక్టర్ గారు అందరి ముందూ నా రాత గురించి చెప్పారు.

ఫెయిర్ మీద సంతకం పడగానే రఫ్ చించెయ్యాలి. పని ఒత్తిడిలో మర్చిపోయాను. సొరుగులోనే ఉంది.

మార్చి 11, సోమవారం

బైండర్ భార్య వచ్చింది. జైల్లో ఇంటి భోజనం ఇవ్వనివ్వరని తెలియక స్టేషన్‌కు క్యారేజీ పట్టుకొచ్చింది. మెట్ల దగ్గర కూర్చుని ఎంతకీ లేవదు. చివరికి నేనే వెళ్లాను.

"అమ్మా, కిటికీ పగలగొట్టాడని రాశారట కదా."

"ఆయనే చెప్పాడమ్మా."

"ఆ గదికి కిటికీ ఎక్కడుందమ్మా? కిటికీ పెట్టించమనే కదా ఐదేళ్ల నుంచి అర్జీలు పెడుతున్నాడు. జిగురు వాసనకి రాత్రిళ్లు దగ్గి దగ్గి చచ్చేవాడు. శనివారం గొడవ పడింది కూడా అందుకే. కొత్తగా వచ్చిన ఆఫీసరు, మాట పూర్తిగా వినకుండానే, గదుల సంగతి తర్వాత చూద్దాం పొమ్మన్నాట్ట."

"అర్జీలు ఉన్నాయా?"

"ఆఫీసులోనే ఇచ్చాడు. ఆఫీసుతో పాటే పోయాయి."

ఆవిడ క్యారేజీ నా చేతిలో పెట్టి, ఎలాగైనా అందేలా చూడమని వెళ్లిపోయింది. సాయంత్రం దాకా అది నా బల్ల మీదే ఉంది.

ఇన్‌స్పెక్టర్ గారికి మాట వరసకి చెప్పాను, ఆవిడ ఇలా అంటోందని. వెంటనే గ్రంథాలయాధికారికి ఫోన్ చేశారు. ఆయన వచ్చి నెల కాలేదు, వెనక గదిలోకి ఎప్పుడూ పోలేదట, జిగురు వాసనకు మిగతావాళ్లూ అటు వెళ్లేవారు కాదట. "ఉండే ఉంటుందండీ, మీ రిపోర్టులో ఉందిగా," అన్నాడట. ఇన్‌స్పెక్టర్ గారు ఫోన్ పెట్టేసి, "మొగుడి కోసం పెళ్లాం ఆ మాత్రం చెప్పదా?" అన్నారు.

మార్చి 12, మంగళవారం

ఫర్నిచర్ షాపు ఫైలు తెరిచాను. రెండో పేజీ, ఐదో వరస. 'వెనక గోడకు చెక్క చట్రము గల కిటికీ ఒకటి కలదు.' అక్షరం తేడా లేదు. కొలతలు మార్చాను, ఆ వరస మార్చలేదు.

ఫైలు మూసేశాను.

కానీ ఆ గదికి కూడా ఉండి ఉండొచ్చు. అతనే ఒప్పుకున్నాడు. ఎవరూ కొట్టలేదు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యనివాడు చేశానని ఎందుకు చెబుతాడు?

రేపు చెబుతాను.

మార్చి 13, బుధవారం

చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్ గారు మీటింగులో ఉన్నారు.

మార్చి 14, గురువారం

మీటింగు లేదు. చెప్పలేదు.

మార్చి 18, సోమవారం

ఒక కాగితం మీద బైండర్ సంతకం కావాలంటే జైలుకు వెళ్లాను. ఎవరినైనా పంపొచ్చు. నేనే వెళ్లాను.

బాగా చిక్కాడు. దగ్గు మాత్రం తగ్గింది. ఇక్కడ గాలి ఆడుతుందన్నాడు. సంతకం పెట్టి, కాగితం అంచు వేలితో నిమురుతూ అడిగాడు.

"మేడమ్, ఒక్క మాట. నాకు ఇప్పుడు కిటికీ గుర్తొస్తోంది. చట్రం, ఆకుపచ్చ రంగు, కింద పగిలిన అద్దం, అన్నీ. రాయి బరువు కూడా చేతికి తెలుస్తోంది. కానీ దాంట్లోంచి బయటికి చూస్తే ఏం కనపడేదో మాత్రం ఎంత ఆలోచించినా రావట్లేదు. పదకొండేళ్లు కూర్చున్నాను కదా. ఏం కనపడేది మేడమ్?"

రిపోర్టులో ఆకుపచ్చ రంగు లేదు. నేను రాయలేదు. ఇన్‌స్పెక్టర్ గారు అనలేదు. అతనే వేసుకున్నాడు.

"నాకు తెలియదు," అన్నాను.

"తాతని నేను చంపేశానా మేడమ్?"

వార్డెన్ వచ్చి తీసుకెళ్లాడు. నేను జవాబు చెప్పేలోపే తీసుకెళ్లాడు అని రాయబోయాను. అది అబద్ధం. నాకు కావలసినంత సమయం ఉంది.

మార్చి 19, మంగళవారం

నా మీద నాకు అసహ్యంగా ఉంది.

మార్చి 26, మంగళవారం

ఇంకో మూడేళ్లు సర్వీసు ఉంది. ఈ ఒక్కటి బయటపెడితే ఊరుకుంటారా? ఇరవై ఏడేళ్ల రిపోర్టులన్నీ తవ్వుతారు. పాత ఫైలు తెరిచి కొత్త కేసు రాయడం నేనొక్కదాన్నే చేశానా? అందరూ చేస్తారు. నాకు నేర్పినాయన కూడా అలాగే నేర్పాడు. జైలుకు పోయినవాళ్లలో ఎంతమంది నేను చూడని గోడల మధ్య నేరాలు చేశారో లెక్క తియ్యడానికే భయంగా ఉంది.

కోర్టులో బైండర్ తరఫు లాయరు పట్టుకుంటుంది. అది వాళ్ల పని.

మార్చి 30, శనివారం

లాయరు పట్టుకోలేదు. ప్రభుత్వం ఇచ్చిన లాయరు, చేతి నిండా కేసులు. నేరం ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందని బైండర్‌కు సలహా ఇస్తోందట. అతనూ సరేనంటున్నాడట.

ఏప్రిల్ 4, గురువారం

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. భోజనం చేస్తూ విన్నారు. నేననుకున్నాను, "పోనీలేవే, నీ ఒక్కదాని తప్పా?" అంటారని. అందుకే చెప్పానేమో కూడా.

"నువ్వు ఆ గది చూశావా?" అన్నారు.

"లేదు."

కంచంలో చెయ్యి కడిగేశారు. ఆ తర్వాత, "బస్సు వెనక్కి తీసేటప్పుడు నేను అద్దంలో చూసి సరిపెట్టుకోను. దిగి, వెనక్కి పోయి, వంగి చూస్తాను. ఇరవై ఏళ్లుగా పిల్లలు నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు," అన్నారు.

అంతే. లేచి కుళాయి దగ్గరికి పోయి దాంతో కుస్తీ పట్టడం మొదలుపెట్టారు.

ఏప్రిల్ 8, సోమవారం

ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను. పాత ఫైలూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టాను.

చాలాసేపు చూశారు. ఆ వరసని రెండుచోట్లా వేలు పెట్టి చదివారు. ఆయనకు తెలియదు, నిజంగానే తెలియదు. నేను అబద్ధం చెప్పానని కలలో కూడా అనుకోలేదు.

"నేను కొట్టానా? ఒక్క బూతు మాట అన్నానా? తనకి తానే చెప్పాడు కదా."

"మనం అడిగాకే చెప్పాడు సార్."

లేచి తలుపు వేశారు. టీ తెప్పించారు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.

"అక్కా," అన్నారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ పిలుపు లేదు. "మీకు ఒంట్లో బాగుండట్లేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఆ రోజుల్లో మోకాలి నొప్పికి మాత్రలు వేసుకుంటున్నారు, అవునా? ఆ మాత్రలకి మగతగా ఉంటుంది."

"నేను వెళ్లలేదు సార్."

"ఆ రోజు జీపు రెండుసార్లు వెళ్లింది. రెండోసారి మీరు ఎక్కడం కానిస్టేబుల్ చూశాడట. గుర్తు లేకపోవడం తప్పు కాదక్కా. శవాన్ని చూసి ఉంటారు, తెలిసిన ముసలాయన. అలాంటివి మనసు దాచేస్తుంది. మీరు చూశారు కాబట్టే ఆ వరస మార్చకుండా ఉంచారు. చూడని కిటికీ అయితే మీలాంటి రైటరు తీసేసేది కాదా?"

అవును అనిపించింది.

నాకు నిజంగా అనిపించింది. ఇరవై ఏడేళ్లలో ఇంత పెద్ద తప్పు నేను చేస్తానా? టీ తాగుతూ ఉంటే జీపు మెట్టు మీద మోకాలు కలుక్కుమన్నది గుర్తొచ్చింది. బూడిద వాసన గుర్తొచ్చింది. తాత మీద కప్పిన తెల్ల గుడ్డ గుర్తొచ్చింది. "వెళ్లానేమో సార్," అన్నాను. ఆయన నా భుజం తట్టారు. మనసు ఎంత తేలికైందో చెప్పలేను.

వెళ్లానేమో. ఆ రోజు చాలా హడావుడిగా ఉంది.

ఏప్రిల్ 9, మంగళవారం

వెళ్లాను. జీపులో ముందు సీటు. తిరిగొచ్చేటప్పుడు ఎండ కళ్లలో పడింది.

ఏప్రిల్ 10, బుధవారం

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చాను. జీపులో ఎవరి పక్కన కూర్చున్నానో ఎంత ఆలోచించినా రావట్లేదు. ఈ పుస్తకం తీసి వెనక్కి తిప్పాను, ఆ రోజు ఏం రాశానో చూద్దామని.

'నేను వెళ్లలేదు. మోకాలు వాచి స్టేషన్ మెట్లు దిగడమే గండంగా ఉంది.'

నా చేతి రాతే. ఎన్నిసార్లు చదివానో. జీపు, తెల్ల గుడ్డ, బూడిద వాసన, ఎండ, ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఒక్క టీ గ్లాసు, తలుపు వేసిన గది, ముప్పావు గంట. నేను ఆ పనిలోనే పండిపోయినదాన్ని. ఆ ఎత్తులన్నీ నాకు కొట్టినపిండి. నాకే ఇలా అయితే, రెండు రాత్రులు నిద్ర లేని మనిషికి ఎలా ఉంటుంది? అతని దగ్గర వెనక్కి తిప్పి చూసుకోవడానికి ఏ పుస్తకమూ లేదు. ఉన్న ఒక్క గోడనీ కూల్చేశారు.

వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన స్కూలు పిల్లల్ని దింపి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాను.

ఏప్రిల్ 11, గురువారం

బైండర్ లాయరు దగ్గరికి వెళ్లాను. పాత ఫైలు నకలు, చించని రఫ్ కాగితాలు, ఈ డైరీ. మూడూ ఇచ్చాను. 'వెనక గోడకి కిటికీ లేదు సార్' అన్న చోట వేలు పెట్టి చూపించాను.

"మీ ఉద్యోగం పోతుంది, తెలుసా అండీ?" అంది. చిన్న పిల్ల, నా కూతురి వయసు ఉంటుంది, నాకు కూతురుంటే.

తెలుసన్నాను.

నకళ్లు తీసుకుని డైరీ తిరిగిచ్చింది. ఇవి రాయడం మానొద్దంది.

మే 20, సోమవారం

కోర్టు. బోనులో నిలబడి మొత్తం చెప్పాను. ఇన్‌స్పెక్టర్ గారు నా వైపు చూడలేదు. ప్రభుత్వ లాయరు, "ఇరవై ఏడేళ్లు అబద్ధాలు రాసిన మీరు ఇవాళ నిజం చెబుతున్నారని నమ్మమంటారా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. నమ్మకండి, కాగితాలు చూడండి అన్నాను.

జడ్జి గారు బైండర్ని ముందుకు పిలిచారు. "ఇప్పుడు భయం లేకుండా చెప్పండి. ఆ గదికి కిటికీ ఉందా?"

బైండర్ నన్ను చూశాడు. భార్యని చూశాడు. గోడ కొలతలు చూస్తున్నట్టు రెండు చేతులూ గాల్లో పెట్టి, మళ్లీ దించాడు.

"ఉందండి. ఆకుపచ్చది. నేనే పగలగొట్టాను."

"లేదయ్యా! లేదు! లేదనే కదా నువ్వు ఏడ్చింది!" అని భార్య కోర్టు దద్దరిల్లేలా అరిచింది. ఆవిడని బయటికి తీసుకెళ్లారు. అతను మాత్రం నా వైపు ఆదుర్దాగా చూస్తున్నాడు, ఏం తప్పు చెప్పానా అన్నట్టు.

నేను నిజం చెబితే సరిపోతుందనుకున్నాను. అతను సంతకం పెట్టి అప్పటికే డెబ్బై నాలుగు రోజులైంది.

జూన్ 14, శుక్రవారం

బైండర్ని వదిలేశారు. అగ్నిమాపక శాఖ పూర్తి రిపోర్టు వచ్చింది. జిగురు కాచే పొయ్యి పైన పాత కరెంటు తీగ కరిగి మంట లేచిందట. గ్రంథాలయం కట్టినప్పటి నక్షా కూడా ఎక్కడో దొరికింది. వెనక గోడ మొత్తం గట్టి గోడ.

నా సస్పెన్షన్ కాగితం కూడా ఇవాళే వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారికి బదిలీ.

జులై 22, సోమవారం

ఇంట్లో ఉన్న నా పాత రిపోర్టుల నకళ్లు వరసగా తీసి, చూసి రాసినవి ఏవో చూడకుండా రాసినవి ఏవో పట్టిక తయారుచేస్తున్నాను. ఎవరూ అడగలేదు. ఇంకో రెండు కేసుల మీద అనుమానం ఉంది. లాయరుకు రాసిచ్చాను.

ఆగస్టు 12, సోమవారం

బైండర్ ఇంటికి వెళ్తున్నాను, వారానికోసారి. మొదటిసారి అతని భార్య తలుపు తియ్యలేదు. రెండోసారి తీసి, కూర్చోమనలేదు. ఇప్పుడు కూర్చోమంటోంది. కూతురు మాత్రం నేనొస్తే లోపలికి పోతుంది. పోవాలి కూడా.

అతను ప్రతిసారీ ఒకటే అడుగుతాడు. "కిటికీ లేదు కదా మేడమ్?"

"లేదు."

"మీరు చూశారా?"

"చూడలేదు. చూడకుండా రాశాను. నక్షాలో లేదు. మీరే మొదటి రోజు లేదన్నారు."

"అవును, అన్నాను," అంటాడు. కాసేపు నెమ్మదిస్తాడు. నేను చెప్పులు వేసుకునేటప్పుడు, "మరి తాత?" అంటాడు.

నవంబరు 18, సోమవారం

గ్రంథాలయం కొత్తగా కట్టారు. బైండర్ని మళ్లీ పనిలోకి రమ్మన్నారు. ఇంత జరిగాక అతని అర్జీలు అందరికీ గుర్తొచ్చాయి. బైండింగ్ గదికి వెనక గోడలో పెద్ద కిటికీ పెట్టించారు. గ్రంథాలయాధికారే స్వయంగా మందారం రంగు గుడ్డతో తెర కూడా కుట్టించాడట. మంచి మనసుతోనే చేశాడు. కాదనను.

పొద్దున అతని భార్య వచ్చి నన్ను పిలిచింది. "మీరు కూడా రండమ్మా. మీరు చెబితే వింటాడు."

ముగ్గురం కలిసి వెళ్లాం. గుమ్మం దాకా బాగానే వచ్చాడు. తలుపు తీశాను. ఎదురుగా కిటికీ, ఎండ నేల మీద పడుతోంది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదే," అన్నాడు. "ఇదే మేడమ్. మీరు లేదన్నారు."

భార్య అతని చెయ్యి పట్టుకుని ఏదేదో చెబుతోంది. నాకు వినపడటం లేదు. చివరికి నాకు చేతనైన పనే చేశాను. లోపలికి వెళ్లి, సంచిలోంచి టేపు తీసి, గది కొలిచాను. ఈ పుస్తకంలోనే రాశాను. పైకి చదివాను, అతనికి వినపడేలా.

స్థల పరిశీలన రిపోర్టు. నేను స్వయంగా వెళ్లి, లోపల నిలబడి, చూసి రాసినది. గది పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు పది. గోడలు కొత్తవి, సున్నం ఇంకా వాసన వస్తున్నది. బల్ల ఒకటి, జిగురు గిన్నె ఒకటి, కుట్టు సూదులు ఆరు. వెనక గోడకు కిటికీ ఒకటి కలదు. కొత్తది. ఈ సంవత్సరం అక్టోబరు నెలలో పెట్టినది, అంతకుముందు లేదు. చట్రము గోధుమ రంగు, తెర మందారం రంగు. అద్దములు నాలుగు, ఏదియూ పగలలేదు. కిటికీలోంచి బయటికి చూడగా ప్రహరీ గోడ, దాని మీద నీళ్ల పైపు, అవతలి ఇంటివారు ఆరేసిన దుప్పటి కనపడుచున్నవి. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. బైండరు గుమ్మం బయట నిలబడి వింటున్నాడు. లోపలికి రాలేదు.